పాత చిత్రిక మిషన్

"చెయ్యి తియ్. నిమరడానికి అదేం ఆవుదూడ కాదు," అన్నాడు కార్ఖానా యజమాని.

పాత ప్లానర్ మీద చెయ్యి వేసిన కొత్తమనిషి గబుక్కున వెనక్కి తీసుకున్నాడు.

నలభై దాటిన మనిషి. నలిగిన చొక్కా, భుజాన ప్రయాణపు సంచి. ఏం కావాలని అడిగితే, మిషన్ చూసిపోదామని వచ్చానన్నాడు.

యజమానికి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచీ ఆ మిషన్‌తోనే కుస్తీ. చెక్కకు చిత్రిక పట్టే ప్లానర్‌ను, చెక్కను నున్నగా రుద్దే డ్రమ్ శాండర్‌గా మార్చాలని అతని పట్టుదల. బ్లేళ్ళు బిగించిన ఉక్కు రోలర్‌ను కోసేసి, దాని ఇరుసుకే ఉప్పుకాగితం చుట్టిన కొయ్య డ్రమ్ ఎక్కించాలి. ఒకసారి కోశాక ఇక అది చిత్రిక పట్టదు.

"విప్పేముందు ఒక్కసారి ఆడిస్తారా? ఆ చప్పుడు విని వెళ్ళిపోతాను," అన్నాడు కొత్తమనిషి.

"వినడానికి ఇదేమన్నా కచేరీనా?"

పనివాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు.

అతను నొచ్చుకోలేదు, వెళ్ళనూ లేదు. తలుపు పక్కన దుంగ మీద కూర్చున్నాడు. పనివాళ్ళు అతనికి ఇన్‌స్పెక్టరుగారని పేరు పెట్టి, వినపడేలాగే పిలుచుకున్నారు. టీ వచ్చినప్పుడు అతన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

యజమాని పనిచేస్తూనే గొప్పలకు దిగాడు. ఈ మిషన్ తన గురువుగారిదట. పని నేర్చుకుని బయటపడ్డాక తను మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆయన పోయారని తెలిసినా పని తెమలక వెళ్ళలేదు. అయినా నెల తిరక్కుండా ఈ మిషన్ లారీ ఎక్కి వచ్చి తన వాకిట్లో దిగిందట.

"అంతమంది శిష్యులుండగా నాకే ఎందుకు పంపమన్నారు? పని ఎవడికొచ్చో ఆయనకి తెలుసు."

కొత్తమనిషి ఏదో చెప్పబోయాడు. యజమాని ముఖంలో మురిపెం చూసి ఆగిపోయాడు.

"నిజమేనండీ," అన్నాడు చివరికి.

రోలర్‌ను కోస్తున్నంతసేపూ వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

బరువైన డ్రమ్ ఎక్కించేటప్పుడు మాత్రం ఎవరూ పిలవకుండానే లేచొచ్చి ఒక కొస పట్టుకున్నాడు. చేతకాకపోతే పక్కకి జరగమని యజమాని కసురుకున్నాడు. అతను జరగలేదు. బోల్టులన్నీ బిగించేదాకా కొస వదల్లేదు.

సాయంత్రానికి డ్రమ్ తిరిగింది. గరుకు పలక లోపలికి వెళ్ళి అద్దంలా బయటికొచ్చింది.

కొత్తమనిషి పలకను వేలితో తడిమి, బాగా వచ్చిందని చెప్పి, సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళాడు.

"పనీపాటా లేని మనుషులు," అన్నాడు యజమాని, అతను గుమ్మం దాటకముందే.

మర్నాడు గురువుగారి భార్య ఫోన్ చేసింది.

చావుకు రానందుకు నిలదీస్తుందేమోనని యజమాని ముందే సాకులు మొదలుపెట్టాడు. ఆవిడ వాటిని పట్టించుకోలేదు. మిషన్ మంచి చేతుల్లో పడిందని తన కొడుకు చెప్పాడంది. నిన్న పగలంతా అక్కడే ఉన్నాడట. తెల్లవారుజామునే ఓడ మీద ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. చిన్నప్పటినుంచీ మేనమామ ఇంట్లో పెరిగాడు కాబట్టి నువ్వు చూసి ఉండవులే, అంది.

యజమాని చూపు తలుపు పక్కనున్న దుంగ మీదికి వెళ్ళింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, అంతమందిలో తననే గుర్తుపెట్టుకుని మిషన్ పంపమన్న గురువుగారి రుణం తీర్చుకోలేనన్నాడు.

ఆవిడ మధ్యలోనే అందుకుంది.

"ఆయన దాన్ని కొడుక్కే ఇచ్చి పోయారు నాయనా, శిష్యుల్లో ఇంకా ఈ పనిలో ఉన్నది నువ్వొక్కడివేనని తెలిసి, నీకు పంపింది వాడే."