మిగిలిపోయిన సోడా

ఆమె సబ్బు ముక్కను నాలుక చివరికి తాకించి, వెంటనే ఉమ్మేసింది.

షియా చెట్టు గింజల నుంచి తీసే వెన్నతో సబ్బు చేసే ఆడవాళ్లంతా పని ఆపి చూశారు. ఆ పెద్దావిడ వాళ్లెవరికీ తెలియదు.

"నాలుక చురుక్కుమంది. ఈసారి వెన్న తగ్గించారా?" అని అడిగింది.

ఆ ఆడవాళ్ల సంఘానికి పెద్ద అయిన అజారాకు ఒళ్లు మండింది. ఆ ఏడు షియా కాయలు సరిగా కాయలేదు. వెన్న తగ్గిన మాట నిజమే. వెన్నను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా మాత్రం ఎప్పటిలాగే రెండు డబ్బాలూ పోసింది. సబ్బు గట్టిగానే వచ్చింది, ఇంకేం కావాలి?

"తగ్గిస్తే నీకేంటి?"

"వెన్న ముందు అయిపోతుందమ్మా. అది అయిపోయిన చోటే సబ్బు అవడం ఆగిపోతుంది. మిగిలిన సోడా ఎక్కడికీ పోదు, ముక్కలోనే ఉంటుంది. దాన్నే పిల్లల ఒంటికి రుద్దుతారు."

"మా సరుకు మీద ఉమ్మి రమ్మని ఏ సంఘం వాళ్లు పంపారు నిన్ను?"

అందరూ నవ్వారు. అజారా ఆమెను రెక్క పట్టుకుని వాకిలి దాటించింది.

ఆమె ఎదురు చెప్పలేదు. ఈ సబ్బులు సంతకు ఎప్పుడు వెళ్తాయని మాత్రం అడిగింది.

సంత రోజు మధ్యాహ్నానికే సరుకంతా అయిపోయింది. అజారా పొంగిపోయింది.

మర్నాడు ఇంట్లో ఉంచుకున్న ముక్కతో బట్టలు ఉతికింది. కాసేపటికే వేళ్ల సందుల్లో తోలు ఊడి వచ్చింది.

ఆ చేతులు చూసుకుంటూ ఎంతసేపు కూర్చుందో తెలియదు. తర్వాత లేచి, సంతలో సబ్బులు అమ్మే ఫుసేనా ఇంటికి పరుగెత్తింది. ఎవరెవరు కొన్నారో చెప్పమని, ఒక్కో గడపకూ వెళ్లి వెనక్కి తెస్తానని బతిమాలింది.

"కొన్నది ఒక్కరే అక్కా," అంది ఫుసేనా. "ఎవరో పెద్దావిడ. ఒక్క ముక్క మిగల్చకుండా తీసుకుని సవేలుగు ఊరికి పోయే బండెక్కింది."



మర్నాడు అజారా సవేలుగు వెళ్లి, వాకబు చేసి ఇల్లు పట్టుకుంది. తలుపుకు తాళం ఉంది. పెరట్లో కొత్తగా పూడ్చిన గొయ్యి, ఆ మట్టిలోంచి తొంగిచూస్తున్న తమ సబ్బు ముక్క కనిపించాయి.

"ఎక్కడ సబ్బు చేస్తున్నారని విన్నా అక్కడికి పోతుంది. ఎప్పుడొస్తుందో చెప్పలేం," అంది పక్కింటామె.

"ఆవిడకెందుకు ఇంత తాపత్రయం?"



"ఈ ఊళ్లో మొదట సబ్బు చేసింది ఆవిడేనమ్మా. ఆ సబ్బుతో నీళ్లు పోసిన రోజే మనవరాలికి చూపు పోయింది."