రెండు పోయినా పోకూడదు

బిందుమాధవి భయమల్లా ఒక్కటే: తను మంచాన పడితే చంటిపిల్లను చూసే దిక్కుండదని.

జ్వరంలోనూ పిల్లను చంక దించకుండా, ఇంటి ఫొటోలు దాచే సర్వరు బిగిస్తున్న మరిది పక్కన నిలబడింది.

"నాలుగు డిస్కులు పెట్టాను వదినా. ఎన్ని పాడైనా ఫొటోలు పోకూడదు?" అడిగాడు నాగేంద్రబాబు.

"మూడు."

"ఈ సర్వరు రెండు దాటనివ్వదు. నీ భయానికి సరిపడా సర్వరు ఇంకా పుట్టలేదు!"

"సరే, రెండే పెట్టు. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎట్టా?"

"మరి పిల్లకి నువ్వొక్కదానివేగా? అమ్మకి ఇవ్వవేం?"

"అత్తయ్యవి మిరపకాయల తొడిమలు తీసే చేతులు. పిల్ల కళ్లు మండిపోవూ?"

"ఈ ఏడు అమ్మ ఆ పనికెందుకు పోలేదనుకున్నావు?"

"మోకాళ్ల నొప్పులన్నారుగా!"

"చేతుల్లో మంట పోతే పిల్లను ఎత్తుకోవచ్చని."

వసారాలో ఉన్న అత్త గురవమ్మ గబుక్కున చేతులు కొంగులో దాచుకుంది. బిందుమాధవి వెళ్లి ఆ చేతులు లాగి తన కళ్లకే అద్దుకుంది. మంట లేదు, కొబ్బరినూనె వాసన.

"ఏడిస్తే లేపాలి మరి," అంటూ పిల్లను అత్త ఒడిలో పెట్టింది.

"ముందు నువ్వు నిద్రపోతేగా లేపడానికి!" అంది గురవమ్మ.

మీ వీధిలోనూ బిడ్డను చంక దించని తల్లి ఉంటే, ఒకసారి వెళ్లి ఎలా ఉందో చూసి రండి.