ఉబ్బిన గోడ

మున్సిపాలిటీ అధికారిగారికి, నన్ను అందరూ ఇస్త్రీ అవ్వ అంటారు. డెబ్బై దాటాయి. ఇంట్లో నేనూ, చూపులేని నా చెల్లెలూ. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది.

మా అద్దెగది గోడ ఉబ్బిందని మొత్తుకుంటే, మీ కొలతలాయన వచ్చి లేజర్ మిషన్ చేత్తో పట్టుకుని గదంతా నడిచాడు. గోడ తిన్నగానే ఉందన్నాడు.

"వంకర నీ నడుంలో ఉందవ్వా, గోడలో కాదు" అని ఇంటి ఓనరు నవ్వాడు.

"షికారుకొచ్చినట్టు తిరిగితే ఏం తెలుస్తుంది నాయనా? ఒకచోట నిలబెట్టి కొలవండి" అని మీ ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాను.

చివరికి మూడుకాళ్ల స్టాండు మీద కదలకుండా ఉండే మిషన్ తెచ్చారు. గోడ మూడువేళ్లు ముందుకొచ్చిందని అది చూపించింది. నడిచే మిషన్ అడుగడుక్కీ ఊగుతుంది, అంత సన్న తేడా దానికి చిక్కదని కొలతలాయనే ఒప్పుకున్నాడు. వీధంతా నన్ను మెచ్చుకుంది.

నేనడిగింది గోడ బాగుచేయించమని. మీరేమో ఇల్లు ప్రమాదం, ఖాళీ చేయమని తలుపుకి కాగితం అంటించారు.

"కొలిపించింది నువ్వేగా అవ్వా" అన్నాడు ఓనరు.

మా ఇద్దరికీ ఇంకెవరూ గది ఇవ్వడం లేదు. కాబట్టి నా అర్జీ ఒక్కటే. ఆ నడిచే మిషన్ చెప్పిందే నిజమని రాసుకోండి.

ఇస్త్రీ అవ్వ వేలిముద్ర.
సాక్షులు: టీచరమ్మ, కింది గది మెకానిక్కు.