గోడవైపు తెర

పుస్తకాల అట్టలకు బొమ్మలు వేసే ఆమె బల్లమీద ఉన్నవి రెండే కంప్యూటర్ తెరలు. ఆ రాత్రి సెట్టింగులు తెరిస్తే, తెరకొకటి చొప్పున రెండే ఉండాల్సిన గళ్లు మూడు కనిపించాయి. మూడోది ఎడమవైపు, గోడ ఉన్నచోట. గోడకు అవతల కూతురు పడుకుని ఉంది.

ఉన్నవి చాలక ఇదొకటా అనుకుంటూ, నిద్రమత్తులో ఆమె దాన్నే ముఖ్యమైన తెరగా ఎంచుకుంది. ఎదురుగా ఉన్న బొమ్మలన్నీ మెల్లగా ఎడమకు జరిగి గోడలోకి వెళ్లిపోయాయి. వాటికోసం మౌస్ కదిపితే బాణమూ వాటి వెనకే పోయింది.

"అమ్మా, ఈ నీలం వెలుగు ఆపెయ్యవా," అంది పాప అవతలనుంచి, నిద్రగొంతుతో.

"ఏ వెలుగే?"

"నా గోడమీదిది. చిన్న బాణం ఒకటి తిరుగుతోంది. ఇప్పుడు నా చేతిమీదికొచ్చింది."

మౌస్ బటన్ నొక్కిపట్టి తల్లి వేలు బిగుసుకుపోయింది. కదపకూడదనుకుంటూ ఉండగానే మౌస్ రవ్వంత పక్కకు జరిగింది.

అవతల మంచమూ కిర్రుమని అటే జరిగింది.