తిరిగొచ్చిన మబ్బు

మబ్బుల పగ్గాలు ఢిల్లీ చేతుల్లోంచి కొండ పంచాయతీలకు వచ్చిన తొలి ఏడాది అది. ఇలా పంచిపెడితే దేశం ముక్కలైపోతుందని టీవీల్లో పెద్దమనుషులు ఇంకా కేకలేస్తూనే ఉన్నారు.

ఆ వారం పాడేరు కొండల మీద పగ్గం పట్టే వంతు సొంబారిది. పగ్గమంటే సన్నని వెండిదారం. దాన్ని పెరట్లో పనసచెట్టుకు కట్టేసి, ఆమె చోడి నారులో, అంటే రాగి మడిలో, కలుపు తీస్తోంది. పైన, సముద్రం నుంచి వచ్చిన మబ్బు కట్టేసిన దూడలా మెల్లగా కదులుతోంది.

అప్పుడు బుందేల్‌ఖండ్ నుంచి ఒక ముసలామె ఫోన్ చేసింది. ఆమె మాట సొంబారి చెవిలో తెలుగై వినిపించింది.

"అక్కా, మా బావులు ఎండిపోయాయి. మీ మబ్బును ఒకసారి పంపుతారా?"

మునుపు ఢిల్లీ నుంచి హుకుం వచ్చినప్పుడల్లా ఊరంతా కలిసి మబ్బులను లోయల్లో దాచేసేవారు. ఇప్పుడు సొంబారి మారుమాట లేకుండా దారం విప్పేసింది.

కోడలు మోదమ్మ పరుగున వచ్చింది. "మన నారు ఎండిపోతంటే వొదిలీసినావేటత్తా? ఆలెవులో ఏటో!"

"గుమ్మంలోకొచ్చి అడిగినోల్ని నేదని పంపీగలమేటే?"

మోదమ్మ అత్తతో మాటలు మానేసింది. కుండలతో ఊటనీళ్లు మోసి నారుకు పోస్తూ వచ్చింది.

అయినా సగం నారు వాలిపోయాక, ఒక సాయంత్రం మబ్బు తిరిగొచ్చింది. చిక్కిపోయింది గానీ ఖాళీగా రాలేదు. కూర పంపిన గిన్నెలో పొరుగింటివాళ్లు ఏదో ఒకటి వేసి ఇచ్చినట్టు, అక్కడివాళ్లు తమ నిండిన చెరువుల నీళ్లు కాసిన్ని పోసి పంపారు. ఆ వాన తెలియని నేల వాసన వేసింది.

మోదమ్మ అరచెయ్యి తడుపుకుని వాసన చూసింది. లోపలికెళ్లి డబ్బాలన్నీ తెరిచింది.

"అత్తా, మబ్బు మల్లీ ఎల్తాది గదా. దాన్లో ఏటేసి పంపుదాం?"