రికార్డుల్లో లేని పిలుపు

"ఒక్క చరణం పాడు ఆర్లిస్, నేను గొంతు కలుపుతా," అంటూ లవీనా టేప్ రికార్డర్‌ని మంచం మీద పెట్టింది.

నాష్‌విల్ ఆసుపత్రిలో ఆ ఉదయం ఆర్లిస్‌కి ఆపరేషన్. గొంతులోని కేన్సర్‌తో పాటు స్వరపేటికనీ తీసేస్తారు. ముప్ఫయ్యేళ్ల పాటు ఆ మొగుడూపెళ్లాలు ఒకే మైకు ముందు నిలబడి, 'కంట్రీ' అనే అమెరికా పల్లె పాటలతో ఊరూరా జనాన్ని ఏడిపించారు. బస్సెక్కాక మాత్రం ఎవరి కిటికీ వారిది. పాట కోసమే తనతో ఉంటున్నాడని లవీనా ఏనాడో తేల్చుకుంది.

"పాడను," అన్నాడతను బొంగురుగా.

"ఆఖరి పాట ఏదని రేపు జనం అడగరూ?"

"జనానికి బోలెడు రికార్డులున్నాయిగా. రికార్డు మీట నొక్కు."

నొక్కింది. అతను టేప్ రికార్డర్ మీదికి వంగాడు.

"లవీనా! రొట్టె మాడుతోంది, పొయ్యి కట్టెయ్! లవీనా, నా టోపీ ఎక్కడ దాచావే? లవీనా, వానొచ్చేలా ఉంది, లోపలికి రా!"

"మతిగానీ పోయిందా నీకు?"

"ఏ పాటలోనైనా నీ పేరుందా? అన్నిట్లో 'ప్రియా' అనే పాడాను. ఇంటికెళ్లాక నిన్ను పేరు పెట్టి పిలవలేను. అప్పుడు ఇది పెట్టుకుని విను."

నర్సులు చక్రాల మంచం తెచ్చి అతన్ని దానిమీదికి మార్చారు.

"లవీనా," అన్నాడు తలుపు దగ్గర.

ఆమె పలకలేదు. పలికితే పిలవడం ఆపేస్తాడు.

"లవీనా... లవీనా..."