ఆలిబఖ్త్ పేరుతో ఎవరో

“అన్నా, ఆలిబఖ్త్ మళ్లీ వచ్చాడు,” అంది జర్నిగోర్ కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా.

నజర్‌షో టీ గిన్నె నోటిదాకా తెచ్చి ఆగాడు. “నోటికొచ్చినట్టు వాగకు. వాడి మీద మట్టి వేసింది నేనే.”

ఆలిబఖ్త్ కొండ మీది మంచు చెరువుకు కాపలాదారు. మొన్న చలికాలంలో మంచు చరియ విరిగిపడి పోయాడు. అతని పేరుతో ఎవరో ఈ వరద హెచ్చరికల ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దూరుతున్నారని జర్నిగోర్ రాసిన చిన్న ప్రోగ్రామ్ పట్టేసింది. నిన్న ఆమె ఆ పేరుతో ఎవరూ లోపలికి రాకుండా తాళం వేసింది.

“లోపల ఏం చేస్తున్నారో చూశావా?”

“చూడలేదన్నా. చచ్చిపోయినవాడి పేరు కదా, మూసేశాను. బయట్నుంచి ఇంకా కొడుతూనే ఉన్నారు. పేరు గడిలో ఏది టైపు కొడితే అది ఇక్కడ తెర మీద పడుతోంది.”

ఆలిబఖ్త్. ఆలిబఖ్త్. ఆలిబఖ్త్.

ఉన్నట్టుండి పేరు మారింది. పేరు రాయాల్సిన చోట ఎవరో మాటలు రాస్తున్నారు.

‘నేను ఆయన పెళ్లాన్ని.’

‘రోజూ నీటిమట్టం రాసేది నేనే.’

‘ఇక్కడ ఫోను పలకదు. ఎందుకు మూశారు?’

‘కట్ట తెగుతోంది.’

నజర్‌షో గిన్నె వదిలేసి సైరన్ దగ్గరికి పరుగెత్తాడు.

కింది ఊళ్ల జనం పిల్లల్ని ఎత్తుకుని, మేకల్ని తోలుకుని మెరక ఎక్కిన కాసేపటికే బురద వరద ఇళ్లను ఊడ్చుకుపోయింది. ఊళ్లలో ఒక్క ప్రాణం కూడా పోలేదని అందరూ నజర్‌షోను కావలించుకుని ఏడ్చారు.

జర్నిగోర్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఎప్పుడో తాళం తీసేసింది.

“తెరిచాను వదినా, రా,” అంటూ తెర వైపే చూస్తోంది.

మళ్లీ ఎవరూ కొట్టలేదు.